మాటకూ మాటకూ మధ్య దారం

నాకు కుదురు లేదు. ఈ మాట మొదట మా అమ్మ అనేది, తర్వాత మా ఆయన అన్నాడు, మా పాప నోటితో అనదు గానీ చూపుతో అంటుంది. కూర్చుంటే కాలు ఊగుతుంది. నిలబడితే ఫోను చూస్తాను. ఫోను చూస్తుంటే పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు అనిపిస్తుంది, వెళ్ళి చూస్తే అసలు పొయ్యే వెలిగించి ఉండను. ఇలాంటి మనిషి ఒక పిల్లను బడి మాన్పించి ఇంట్లో చదివించాలనుకోవడం ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. అడిగినవాళ్ళ మీద కోపం మాత్రం వస్తుంది.

మేముండేది బెంగళూరులో, కాడుగోడి రైల్వే స్టేషనుకు కొంచెం ఇవతల. మావాళ్ళు ఎప్పుడో కోలారు పక్కనుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, గేటు దాటితే కన్నడ, ఆఫీసు పనిలో ఇంగ్లీషు. పాప మూడూ కలిపి మాట్లాడేది, ఇక్కడి పిల్లలందరిలాగే. రెండో తరగతిలో ఉండగా బడిలో మాట్లాడటం మానేసింది. ఒక్కరోజులో మానలేదు. ముందు క్లాసులో తగ్గింది, తర్వాత బడి బస్సులో, తర్వాత పక్కింటివాళ్ళతో, కూరగాయలామెతో, చివరికి మా చెల్లెలితో కూడా. ఇంట్లో మా ఇద్దరితో మాత్రం గలగలా మాట్లాడేది. ఎవరైనా తలుపు తట్టారంటే టక్కున ఆగిపోయేది. ఎందుకలా అయిందో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. టీచరు మంచిదే. పిల్లలు నవ్వారని పాప ఒకసారి చెప్పింది, ఎందుకు నవ్వారో చెప్పలేదు.

ఒక డాక్టరమ్మకు చూపించాం. "తొందరపెట్టకండి, దానంతట అదే వస్తుంది" అన్నదావిడ. నాతో ఆ మాట చెప్పడమూ, వానతో తడపొద్దని చెప్పడమూ ఒకటే.

ఇంట్లోనే చదివిద్దామని పట్టుబట్టింది నేను. కొంతమంది అలా చదివిస్తున్నారని విన్నాను, వాళ్ళ పిల్లలు బాగానే ఉన్నారని విన్నాను, ఇంక ఆగలేకపోయాను. మా ఆయన మాత్రం నెమ్మదస్తుడు. బిల్డింగులకు కరెంటు వైరింగు పని చేయిస్తాడు. ఏ వైరు ఎక్కడికి పోతుందో చూడకుండా స్విచ్చి వేసే రకం కాదు.

"చూడమ్మే, నేను వద్దనను," అన్నాడు. "జూన్ దాకా ఇంట్లోనే చెప్పు. ఆ లోపల బయటోళ్ళ ముందర నోరు తెరిచి మాట్లాడిందంటే ఇట్లే సాగనీ. లేదంటే మళ్ళా స్కూల్లో చేర్పిద్దాం. ఆడ మాట్లాడకపోయినా నలుగురు పిల్లోళ్ళన్నా ఉంటారు కదా. ఇంట్లో మనిద్దరి మొగాలే చూస్తా ఉంటే దానికి మాటలు యాడ్నుంచి వస్తాయి?"

అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. నాకు ఒళ్ళు మండింది కూడా అందుకే.

మాటలు కలిపే ఆట మా ఇంట్లోకి అలా, జూన్ తరుముతుంటే వచ్చింది. ఇంట్లో చదివించే తల్లిదండ్రుల వాట్సాప్ గుంపు ఒకటుంది. అందులో ఎవరో రాశారు: చిన్న చిన్న చీటీల మీద మాటలు రాసి, కళ్ళు మూసుకుని రెండు తీసి, ఆ రెండింటికీ ఏం సంబంధమో పిల్లల్ని చెప్పమనండి అని. లెక్కలు చెప్పబోతే నేను అరుస్తాను, పాప ఏడుస్తుంది. ఇందులో అరవడానికి ఏముందిలే అనుకుని మొదలుపెట్టాను.

చీటీలకు గట్టి కాగితం కావాలి. మా ఇంట్లో గట్టి కాగితమంటే పెళ్ళి శుభలేఖలు. పసుపు రాసిన అంచులు, మీద దేవుడి బొమ్మ, అందుకని ఎవరూ పారేయరు. పారేయలేక, ఉంచుకోలేక, దేవుడి గూట్లో ఒక కవరు నిండా పేరుకుపోయి ఉంటాయి. వాటి లోపలి కాగితాలు తీసి కత్తిరించడం మొదలుపెట్టాను. ఆ ఆదివారం హొసకోటె నుంచి మా అత్తగారు వచ్చారు. మరిది దగ్గర ఉంటారావిడ. కత్తెర చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"దేవుడు ఉండాడు కదమ్మా దాంట్లో, కత్తెరేస్తావా?"

"దేవుణ్ణి పక్కన పెట్టినాను అత్తా. విందు అని రాసిన కాయితమే కత్తిరించేది."

"విందు మాత్రం శుభం కాదా?" అని గొణుగుతూనే కూర్చుని, తను కూడా నాలుగు మాటలు చెప్పి రాయించారు. ఆవిడ చెప్పినవన్నీ తిండి వస్తువులే. ఆ మాటలన్నీ ఒక పాత నెయ్యి డబ్బాలో వేశాం.

మొదట్లో నేనూ ఆడేదాన్ని. నాకొచ్చే జవాబులు ఏమిటంటే, "రెండూ వస్తువులే", "రెండూ బజారులో దొరుకుతాయి". రెండు రోజులు ఓపిక పట్టి పాప నా మీద ఒక కట్టడి పెట్టింది: బజారులో దొరకడం ఇంక చెల్లదు. ఆ తర్వాత నేను ఎక్కువగా వినేదాన్ని. వినడం కూడా నాకు సరిగ్గా చేతకాదు, అయినా ఆ జవాబులు నన్ను కూర్చోబెట్టేవి.

గొడుగు, అప్పడం అని వచ్చాయి. "రెండూ ముడుచుకుని ఉంటాయి. ఒకటి వాన పడితే విచ్చుకుంటాది, ఒకటి నూనెలో పడితే" అంది. ట్రాఫిక్, పెరుగు అని వచ్చాయి. "పొద్దున పల్చగా ఉంటాది, సాయంత్రానికి గట్టిపడిపోతాది." చెప్పులు, అవ్వ. నేను ఏం చెబుతుందా అని చూస్తున్నాను. "ఇద్దరూ గుడి బయటనే ఆగిపోతారు. అవ్వకి మోకాళ్ళ నొప్పి కదా, మెట్లు ఎక్కలేదు." దగ్గు, తాళంచెవి అని వచ్చిన రోజు ఆలోచించనే లేదు. "రెండూ వినపడితే నాయిన వచ్చినాడని అర్థం."

ఇవి విని నవ్వేదాన్ని. నవ్వుతూనే లోపల ఉడికిపోయేదాన్ని. ఇంత బాగా మాట్లాడే పిల్ల మాటలు మా ఇంటి గోడలకు తప్ప ఎవరికీ తెలియవు. మూగపిల్లా అని అడిగిన పక్కింటావిడను పిలుచుకొచ్చి వినిపించాలనిపించేది. ఫోనులో రికార్డు చేద్దామని ఒకసారి డబ్బా వెనకాల పెట్టాను. పాప చీటీ తీసింది, ఫోను అంచు చూసింది, చీటీ మళ్ళీ డబ్బాలో వేసి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం కూడా మాట్లాడకుండానే తిన్నది.

వాట్సాప్ గుంపులో వాళ్ళు శనివారాలు కలుసుకుంటారని తెలిసింది. బొమ్మనహళ్ళిలో ఒకావిడ ఇల్లు. మదనపల్లె వైపు మనిషి, భర్త గార్మెంట్స్‌లో కటింగ్ మాస్టరు. ఇద్దరు పిల్లల్నీ ఇంట్లోనే చదివించుకుంటుంది, వీధిలో అలాంటి పిల్లలు వస్తే వాళ్ళనూ కూర్చోబెడుతుంది. కాడుగోడి నుంచి బొమ్మనహళ్ళికి రెండు బస్సులు మారాలి. నాలాంటి వాళ్ళకు ఆ ప్రయాణం ఒక శిక్ష. సిగ్నలు దగ్గర బస్సు ఆగితే డ్రైవరు వీపు వైపు చూస్తూ లోలోపల బస్సును తోస్తూ ఉంటాను.

ఆ ఇంట్లో పిల్లలు హాల్లో కూర్చుని ఇదే చీటీల ఆట ఆడతారు, పెద్దలు బయట మెట్ల మీద టీ తాగుతూ కూర్చుంటారు. ఒకే ఒక కట్టడి ఉంది. ఆట నడుస్తున్నంతసేపు పెద్దలు జవాబు చెప్పకూడదు. మిగతా తల్లిదండ్రులకు అది హాయిగా ఉండేది. ఎండలో కూర్చుని కరివేపాకు ధర గురించి మాట్లాడుకునేవాళ్ళు. నేను మాత్రం నీళ్ళ సీసా ఇవ్వాలనో, జడ ఊడిందనో ఏదో ఒక వంకతో గుమ్మం దగ్గరే ఉండేదాన్ని.

పాప వంతు వచ్చేది. రెండు చీటీలు తీసేది. వాటిని మోకాలి మీద పక్కపక్కన పెట్టుకుని చూసేది. పిల్లలు పాపం ఆగేవాళ్ళు. నిశ్శబ్దం. ఇంక పట్టలేక, "ఇంట్లో బాగా చెప్తాదమ్మా" అనేదాన్ని. "కొత్త కదా, సిగ్గు" అనేదాన్ని. ఒకసారైతే, "చెప్పులకీ అవ్వకీ ఏం చెప్పిందో తెలుసా మీకు?" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. పిల్లలు నవ్వారు. నవ్వుతూ నా వైపు చూశారు, పాప వైపు ఎవరూ చూడలేదు.

ఆ ఇంటావిడ నా చేతికి టీ గ్లాసు ఇస్తూ మెల్లగా అంది. "నువ్వు చెప్తే అది నీ ఆట అయిపోతాది కదప్పా."

"మరి అది చెప్పడం లేదు కదా?"

"చెప్పలేదంటే ఈ వారం చెప్పలేదు. అంతే."

ఆ "అంతే" వింటే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ ఇంట్లో జూన్ లేదు, నా ఇంట్లో ఉంది.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టగానే పాప మొదలుపెట్టేది. ఈరోజు తనకొచ్చిన చీటీలకు ఏం అనుకుందో చెప్పేది. అక్కడ ఎవరూ చెప్పనంత బాగా ఉండేది. "ఆడనే చెప్పొచ్చు కదే, నోరు లేదా?" అనేదాన్ని. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేది.

మే నెల వచ్చేసింది. మా ఆయన ఒక సాయంత్రం చొక్కా విప్పుతూ, పక్క వీధి బడిలో సీట్లు ఉన్నాయట, యూనిఫాం కొలతలు తీసుకుంటున్నారట అన్నాడు.

"అడిగొచ్చినావా?"

"ఆ దావలోనే పోతా ఉన్నా. అడిగినాను. అడిగితే ఏమవుతాది?"

నేను చపాతీ పిండిని ఎంత గట్టిగా కలిపానంటే ఆ రాత్రి చపాతీలు నమలడానికి అందరికీ దవడలు నొప్పి పుట్టాయి. పాపను మళ్ళీ బడికి పంపిస్తే ఇంట్లో మిగిలిన మాటలు కూడా పోతాయని నా భయం. ఆ భయం మా ఆయనకు లేదని కాదు. ఆయన భయం వేరు, ఇంట్లోనే ఉంటే ఎప్పటికీ బయటికి రావని.

ఆ శనివారం బస్సులో పాపకు నూరిపోశాను. "ఏ చీటీ వచ్చినా పరవాలేదు. గొడుగు, అప్పడం సంగతి చెప్పెయ్. ఏదో ఒకటి చెప్పు. ఒక్క మాట చెప్పు చాలు." పాప కిటికీ లోంచి బయటికి చూస్తూ ఉంది. మారతహళ్ళి దగ్గర బస్సు కదలలేదు. నేను లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. కండక్టరు "కూత్కొళ్ళి మేడమ్" అని, కూర్చోమని కన్నడంలో కసిరాడు. మేం చేరేసరికి ఆట మొదలైపోయింది.

ఆ రోజు ఆట మారింది. హాల్లో గోడకు ఒక పాత దుప్పటి పరిచి కట్టారు. దాని మీద చీటీలన్నీ గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. కింద చాటలో దారం రీళ్ళు, గార్మెంట్స్‌లో మిగిలిపోయినవి, అన్ని రంగులూ. ఈసారి నోటితో చెప్పక్కర్లేదు. వంతు వచ్చినవాళ్ళు లేచి, ఏవైనా రెండు మాటల మధ్య దారం కట్టాలి. ఎందుకు కట్టారో మిగతావాళ్ళు కనుక్కోవాలి. అవునంటే తల ఊపితే చాలు.

"మా పాప కోసం చేసినావా ఇది?" అని ఆవిడను అడిగాను.

"పిల్లోళ్ళకి కూర్చొని కూర్చొని బేజారైంది. అంతే," అంది.

దుప్పటి మీద అప్పటికే దారాలు పడుతున్నాయి. ఒక పిల్లవాడు ఉల్లిపాయకూ సినిమాకూ ఎర్ర దారం కట్టాడు. రెండూ ఏడిపిస్తాయని ఎవరో వెంటనే కనిపెట్టేశారు. ఇంకో అమ్మాయి జ్వరానికీ ఐస్‌క్రీముకూ కట్టింది. ఒకటి ఉంటే రెండోది ఇవ్వరు. అందరూ గోల గోలగా ఉన్నారు.

పాప వంతు వచ్చింది. లేస్తుందా అని చూశాను. లేచింది. చాట దగ్గర కూర్చుని రీళ్ళు కెలికి, నీలం రంగుది తీసుకుంది. దుప్పటి ముందు చాలాసేపు నిలబడింది. నేను గుమ్మంలో చెప్పులు ఒక కాలికి వేసుకుని, ఒక కాలికి వేసుకోకుండా నిలబడ్డాను. ఒక మూల "లిఫ్ట్" అని ఉన్న చీటీ గుండుసూదికి దారం చుట్టింది. అక్కడినుంచి దారం విప్పుకుంటూ, మిగతా దారాలన్నిటి మీదుగా, దుప్పటి రెండో చివర దాకా వెళ్ళింది. అక్కడ "మాట" అని ఉన్న చీటీకి ముడి వేసింది.

పిల్లలు మొదలుపెట్టారు. "రెండూ పైకి పోతాయి!" పాప తల అడ్డంగా ఊపింది. "లిఫ్ట్‌లో ఒక ఆంటీ గొంతు మాట్లాడతాది, ఫస్ట్ ఫ్లోర్ అని!" కాదు. "లిఫ్ట్‌లో ఎవరూ మాట్లాడరు, అందరూ గమ్మున నిలబడతారు!" దానికి కొంచెం నవ్వింది గానీ, అదీ కాదు. ఇంకెవరికీ తట్టలేదు. పాప దారం రీలు పట్టుకుని అందరి ముందూ నిలబడి ఉంది, వేలికి దారం చుడుతూ, విప్పుతూ.

నాకు తెలుసు అనుకున్నాను. ఆ సంబంధం నాకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? కట్టడి గుర్తుంది. అయినా నోరు ఆగలేదు.

"రెండూ మధ్యలో ఇరుక్కుపోతాయి," అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో నాకు అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ నేను ఎవరితోనూ అనని మాట, మా ఆయనతో కూడా అనని మాట, పదిమంది పిల్లల ముందు, పిల్ల మొహం మీదే అనేశాను. మెట్ల మీద కబుర్లు ఆగిపోయాయి. పాప నా వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. ఏడుస్తుంది, పరుగెత్తుకొచ్చి నా కొంగులో దూరుతుంది, ఇంటికి వెళ్ళిపోతాం, సోమవారం వెళ్ళి యూనిఫాం కొలతలు ఇచ్చేస్తాం అనుకున్నాను.

"కాదు," అంది పాప.

గొంతు బొంగురుగా వచ్చింది. పిల్లలు ఆమె వైపు తిరిగారు.

"ఇరుక్కోలేదు. మా అమ్మ లిఫ్ట్ బటన్ నొక్కతానే ఉంటాది. ఒకసారి నొక్కినా చాలు. లైటు కూడా వెలిగింటాది. అయినా మళ్ళా నొక్కతాది, మళ్ళా నొక్కతాది. నొక్కితే బిరీన రాదు. అది పైనుంచి వస్తా ఉంటాది కదా." ఊపిరి తీసుకుంది. "మాట కూడా అంతే. వస్తా ఉండాది."

ఉల్లిపాయ పిల్లవాడు, "మా నాయిన కూడా అట్లే నొక్కతాడు!" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఈసారి నవ్వుతూ పాపనే చూశారు. పాప అతని వైపు తిరిగి, "మీది ఎన్నో ఫ్లోరు?" అని అడిగింది. బయటి మనిషిని ఒక ప్రశ్న అడిగింది. ఎన్నాళ్ళయిందో నేను చెప్పలేను.

మా బిల్డింగులో లిఫ్ట్ నత్తనడక. నేను నొక్కుతాను, నిజమే. ఎవరు నొక్కరు? ఆ క్షణంలో నాకు మొదట వచ్చింది ఈ ఆలోచనే, సిగ్గు లేకుండా. ఆ తర్వాతే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఎంత సంతోషమో అంత కోపం, అంత అవమానం. ఇన్నాళ్ళూ ఈ పిల్ల నోట ఒక్క మాట రావాలని దేవుళ్ళందరికీ మొక్కాను, వచ్చిన మొదటి మాట నా మీద చాడీ.

ఇంటావిడ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "పోయి మెట్ల మీద కూర్చోప్పా. టీ చల్లారిపోతా ఉండాది."

వెళ్ళాను. టీ తాగలేదు. మా ఆయనకు ఫోను చేశాను. ఏదో బిల్డింగులో ఉన్నాడు, డ్రిల్లింగ్ మిషను మోత వినిపిస్తోంది.

"మాట్లాడింది," అన్నాను.

మోత ఆగింది. పక్కకు వచ్చినట్టున్నాడు. "ఎవరితో?"

"అందరితో."

"ఏం మాట్లాడింది?"

"నా మీద చెప్పింది."

అవతల ముక్కు చీదిన శబ్దం వినబడింది. "ఏమని?" అని అడిగాడు. చెప్పాను. గట్టిగా నవ్వాడు, అంత గట్టిగా నవ్వడం నేను ఈ మధ్య వినలేదు. "సోమవారం ఆ బడోళ్ళకి వద్దని చెప్పొస్తాలే," అన్నాడు. "నువ్వు కొంచేపు గమ్మునుండు. లోపలికి పోవద్దు."

పోవద్దు అన్నాక ఆగడం నా వల్ల కాలేదు. లోపల పాప గొంతు వినబడుతోంది, ఏమంటోందో తెలియడం లేదు. మధ్యలో పిల్లలు నవ్వుతున్నారు. ఇప్పుడు దేనికి నవ్వారు? మళ్ళీ నా గురించేనా? దారం ఏ మాటకు కట్టింది? ఒక్కసారి తొంగి చూసి వచ్చేద్దాం అనుకుని లేచి, చప్పుడు కాకుండా గుమ్మం దాకా వెళ్ళాను.

పాప నన్ను చూసింది. చేతిలో పసుపు రంగు దారం ఉంది. గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఇంకా ఆట అయిపోలేదమ్మా," అని, తలుపు మెల్లగా నా మొహం మీదే వేసేసింది.